పొరుగింటి బైబిలు – డువే రీమ్స్ ఆంగ్లానువాదము, దాని అనుదిన పఠనము

మన అధ్యక్ష మండలము నూరేండ్లు నిండించుకొనిన ఈ శుభ సందర్భమున, ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గము వారు మమ్మును కోరిరి. దేవాలయముల కట్టడములను గూర్చి, పాఠశాలలు, ఆసుపత్రుల స్థాపనను గూర్చి, తొలి మిషనరీల త్యాగమును గూర్చి వ్రాయుటకు మాకంటె పెద్దలు, అనుభవజ్ఞులు ఎందరో కలరు. కావున మేము వేరొక చరిత్రను ఎన్నుకొంటిమి. అది మన సంఘపు చరిత్ర కాదు, పొరుగు సంఘపుది. అయినను దానిని చెప్పవలసిన ఋణము మామీద నున్నది. ఆ ఋణమెట్టిదో ముందుగా ఒప్పుకొనుట న్యాయము.

వేదాంత కళాశాల నుండి పట్టా పుచ్చుకొని వచ్చిన క్రొత్తలో, మాకు అప్పగింపబడిన మొదటి పాస్టరేటులో, సంస్కరణ ఆదివారమున మేమొక ప్రసంగము చేసితిమి. లూథరు, టిండేలు మొదలగు వారి సాహసమును కొనియాడుచు, ఆ ఊపులో, కతోలికులకు బైబిలు లేదనియు, ఉన్నను చదువరనియు ఒక మాట అంటిమి. వెనుక బల్లల మీదివారు కొందరు నవ్విరి. ఆ మాట మాకు కళాశాలలో ఎవరును నేర్పలేదు. చిన్ననాటి నుండి వినుచు వచ్చినదే. పరీక్షింపక నమ్మితిమి, నమ్మినదానిని దేవుని పీఠము మీదనుండి పలికితిమి.

ఆ వారములోనే ఆ ఊరిలో కాపురముండు ఒక విశ్రాంత ఉపాధ్యాయులు వీధిలో ఎదురుపడి, "పాస్టరుగారూ, సాయంత్రం తీరిక ఉంటే మా ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్ళండి" అని పిలిచిరి. వారు కతోలికులు. అప్పటికే ఎనుబది ఏండ్లకు దగ్గర పడిన పెద్దలు. మేము వెళ్ళునప్పటికి వారు వసారాలో కుర్చీ వేసికొని, ఒడిలో నల్లని అట్ట గల లావుపాటి పుస్తకమును పెట్టుకొని యుండిరి. "ఇది మా నాన్నగారికి మిల్ హిల్ సభ ఫాదరు ఒకరు ఇచ్చింది. ఇరవై మూడో కీర్తన తీయండి" అని మా చేతికిచ్చిరి.

తీసితిమి. అచ్చట కాపరి లేడు, పచ్చిక లేదు. భూమియు దాని సంపూర్ణతయు ప్రభువువేనని చెప్పు కీర్తన యున్నది. అది మన బైబిలులో ఇరువది నాలుగవది. మేము తికమకపడుట చూచి పెద్దాయన చిరునవ్వుతో, "ఒకటి వెనక్కి పోండి" అనిరి. వెనుకకు పోయితిమి. పచ్చిక, జలములు, గిన్నె, నూనె అన్నియు ఉన్నవి. కాని మొదటి మాటయందు కాపరి లేడు. ప్రభువు నన్ను ఏలుచున్నాడను భావము గల క్రియ యున్నది.

"మాస్టారూ, కాపరి ఎటు పోయాడండీ?" అని అడిగితిమి.

"ఎటూ పోలేదు పాస్టరుగారూ. గొర్రెల్ని కాసేవాడూ ఏలేవాడే కదా. నేను ఈ మాట దగ్గర చాలా రోజులు ఆగాను" అనిరి.

ఆ పుస్తకమే డువే రీమ్స్ బైబిలు. ఆనాటి పూజలో ఏ పఠనములు నిర్ణయింపబడి యుండునో, వాటిని వారు గుడిలో తెలుగున విని, ఇంటికి వచ్చి ఈ పాత ఇంగ్లీషులో మరల చదువుచుండిరి. నలుబది ఏండ్లకు పైగా అదే అలవాటు. తెలుగు చాలదా అని అడుగగా, "తెలుగైతే అలవాటైన దారి, కాళ్ళు వాటంతటవే నడిచిపోతాయి. ఇందులో ప్రతి మాట దగ్గరా ఆగాలి. ఆ ఆగడమే నాకు కావాలి" అనిరి. మా ప్రసంగపు మాట వారు ఎత్తనేలేదు. ఎత్తి చీవాట్లు పెట్టియుండినచో మాకు తేలికగా నుండెడిది.

ఆ దినము మొదలు ఈ బైబిలు చరిత్రను మేము శ్రద్ధగా చదువుచు వచ్చితిమి. తెలిసికొనినది ఇచ్చట సంగ్రహముగా విన్నవించుచున్నాము.

ప్రవాసములో ఒక కళాశాల

1558లో ఎలిజబెత్ రాణి సింహాసనమెక్కిన పిమ్మట ఇంగ్లండు దేశమున కతోలిక పూజ చట్టవిరుద్ధమాయెను. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునందలి కతోలిక పండితులు పలువురు సముద్రము దాటి పోయిరి. వారిలో విలియం ఆలెన్ గారు 1568లో డువే పట్టణమున ఒక ఇంగ్లీషు కళాశాలను స్థాపించిరి. డువే ఆనాడు స్పెయిను రాజు ఏలుబడిలోనిది, నేడు ఉత్తర ఫ్రాన్సులో నున్నది. స్వదేశమునకు గురువులను తయారుచేసి పంపుట ఆ కళాశాల ముఖ్యోద్దేశ్యమాయెను. 1578లో కల్లోలముల వలన కళాశాల ఫ్రాన్సులోని రీమ్స్ నగరమునకు తరలిపోయి, 1593లో మరల డువే చేరెను. ఈ రెండు ఊళ్ళ పేర్లే ఆ బైబిలునకు పేరైనవి.

ఆ కళాశాల దినచర్యను ఆలెన్ గారు తమ లేఖలలో వర్ణించి యున్నారు. విద్యార్థులు హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొనవలెను. భోజనపు బల్ల యొద్ద ప్రతిదినము లేఖనముల అధ్యాయములు చదువబడి, అక్కడనే వివరింపబడవలెను. అన్నము తిను చోటనే వాక్యము వడ్డింపబడెడిదన్నమాట. కతోలికులు బైబిలు చదువరని పీఠమెక్కి పలికిన మాకు ఈ సంగతి మొదటి చెంపదెబ్బ.

ఆలెన్ గారికి ఒక చిక్కు కనబడెను. ఎదుటి పక్షపు బోధకుల చేతిలో ఇంగ్లీషు బైబిలు సిద్ధముగా నున్నది. తమ గురువులో, లాటిను వచనమును ప్రసంగ మధ్యమున అప్పటికప్పుడు తడుముకొనుచు తర్జుమా చేసికొనవలసి వచ్చుచున్నది. మాట తడబడినచోట వినువారికి నమ్మకము చెడును. ప్రసంగించు పాస్టర్లందరికి ఈ బాధ బాగుగా తెలియును. డువే రీమ్స్ అనువాదము ఈ అవసరము నుండి పుట్టినది.

దినమునకు రెండు అధ్యాయములు

ఈ భారమును భుజముల మీద వేసికొనినవారు గ్రెగరీ మార్టిన్ గారు. ఆక్స్‌ఫర్డులోని సెయింట్ జాన్స్ కళాశాలలో చదివిన గొప్ప భాషావేత్త. 1578 అక్టోబరులో రీమ్స్ నగరమున పని ప్రారంభించి దినమునకు రెండు అధ్యాయముల చొప్పున అనువదించుచు పోయిరి. ఆలెన్ గారును రిచర్డ్ బ్రిస్టో గారును దానిని సరిచూచిరి. క్రొత్త నిబంధన 1582లో రీమ్స్ నందు అచ్చయ్యెను. ఆ సంవత్సరము అక్టోబరులోనే మార్టిన్ గారు క్షయరోగముతో కన్నుమూసిరి. వారు ముగించిన పాత నిబంధన వ్రాతప్రతి డబ్బు లేమి వలన ఏండ్ల తరబడి అట్లే పడియుండెను. తుదకు 1609, 1610 సంవత్సరములలో రెండు సంపుటములుగా డువే నందు వెలువడెను. అనగా మనవారు ఎక్కువగా నెరిగిన కింగ్ జేమ్స్ బైబిలు కంటె ఒక్క ఏడాది ముందు.

ఈ పుస్తకము వెనుక ప్రాణములు కూడ పోయినవి. మార్టిన్ గారి కళాశాల మిత్రుడు ఎడ్మండ్ క్యాంపియన్ గారు గురువై స్వదేశమునకు పోయి, 1581 డిసెంబరు 1వ తేదీన లండనులో ఉరితీయబడిరి. విదేశమున అభిషేకము పొందిన గురువు ఇంగ్లండులో అడుగుపెట్టుటయే రాజద్రోహమని 1585లో చట్టము వచ్చెను. డువే కళాశాల నుండి వెళ్ళినవారిలో నూట యాభై మందికి పైగా చంపబడిరి. పుస్తకములు దొంగచాటుగా రేవులు దాటవలసి వచ్చెను.

ఇచ్చట న్యాయము తప్పరాదు. ఇంగ్లీషు బైబిలు కొరకు పాటుబడిన టిండేలు గారు 1536లో కతోలిక పాలకుల చేతనే గొంతు నులిమి కాల్చబడిరి. 1553 నుండి 1558 వరకు ఏలిన మేరీ రాణి దినములలో దాదాపు 280 మంది ప్రొటెస్టెంటులు దహింపబడిరి. రెండు పక్షముల చేతులకును రక్తపు మరక కలదు. మనము మన హతసాక్షులను మాత్రము లెక్కించి, పొరుగువారి హతసాక్షులను మరచుట చరిత్ర అనిపించుకొనదు.

మాటల చిక్కు

మార్టిన్ గారు ఆధారము చేసికొనినది లాటిను వుల్గేటు. నాలుగవ శతాబ్దాంతమున జెరోము భక్తుడు ముఖ్యముగా సిద్ధపరచిన బైబిలది. 1546లో ట్రెంటు మహాసభ దానిని ప్రామాణికమని ప్రకటించెను. కావున డువే రీమ్స్ అనువాదమునకు అనువాదము. ఇది దాని ప్రధానమైన లోపము. అయినను మార్టిన్ గారు గ్రీకు ప్రతిని కూడ ఎదుట నుంచుకొనిరనియు, లాటినులో లేని గ్రీకు ఉపపదముల విషయమున అది కనబడుచున్నదనియు పండితులు గుర్తించిరి.

అర్థము తేలని చోట ఊహించి తేలిక చేయుటకంటె, లాటిను మాటనే ఇంగ్లీషు వేషమున నిలుపుట మేలని వారి సిద్ధాంతము. అందువలన పాఠకులు ఎరుగని మాటలెన్నో వచ్చిపడినవి. కొన్ని మాటలకు అర్థములు చెప్పు పట్టిక నొకదానిని పుస్తకము చివర చేర్చవలసి వచ్చెను. క్రీస్తు తన్నుతాను రిక్తునిగా చేసికొనెనని పౌలు ఫిలిప్పీయులకు చెప్పినచోట మార్టిన్ గారు వాడిన 'ఎక్సినానిటెడ్' అను మాట ఇంగ్లీషు వారికే కొరుకుడు పడలేదు.

వీటన్నిటిలో మాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది ప్రభువు ప్రార్థనలోనిది. మనము ప్రతిదినము అనుదినాహారము కొరకు వేడుకొనుచున్నాము. ఆ 'అనుదిన' అను చోట గ్రీకులో నున్న మాట చాల అరుదైనది, దాని అర్థము నేటికిని పండితులకు చర్చనీయమే. జెరోము గారు అదే గ్రీకు మాటను లూకా సువార్తలో 'అనుదినపు' అనియు, మత్తయి సువార్తలో 'ద్రవ్యమునకు మించిన' అను అర్థము వచ్చునట్లును లాటినులో వ్రాసిరి. మార్టిన్ గారు దానిని విడువక మత్తయిలో 'సూపర్ సబ్‌స్టాన్షియల్' రొట్టె అనిరి. పలుకుటకు నోరు తిరుగని మాటయే. కాని కడుపునకు కావలసిన రొట్టె ఒకటి, దానికి మించిన రొట్టె ఒకటి, రెండును ఒకే ప్రార్థనలో అడుగబడుచున్నవను తలంపు ఆ మాట యొద్ద ఆగినవానికి కలుగును.

మరియొక మాట పెద్ద పోరునకు కారణమాయెను. బాప్తిస్మమిచ్చు యోహాను కేకను మన బైబిలు 'మారుమనస్సు' అను మాటతో చెప్పుచున్నది. రీమ్స్ అనువాదము లాటిను ననుసరించి ప్రాయశ్చిత్తము చేయుడని చెప్పినది. మనసు మారుట, ఆ మార్పును క్రియలో చూపుట అను రెండింటిలో ఒక్కొక్క పక్షము ఒక్కొక్కటి పట్టుకొని ఏండ్ల తరబడి వాదించుకొనిరి. యోహాను మాత్రము ఆ వెంటనే ఫలము ఫలించుడనియే చెప్పెను. రెండును వేరు కావని అతనికి తెలియును.

ఈ మాటల చిక్కు తెలుగువారమైన మనకు క్రొత్త కాదు. మనము 'పరిశుద్ధాత్మ' అందుము, కతోలిక సోదరులు 'పవిత్రాత్మ' అందురు. మనకు 'ప్రభు రాత్రి భోజనము', వారికి 'దివ్యసత్ప్రసాదము'. మనకు 'సంఘము', వారికి 'శ్రీసభ'. ఒకే వీధిలో, ఒకే భాషలో, ఒకే దేవుని రెండు నిఘంటువులతో కొలుచుచున్నాము. పొరుగువాని మాట చెవికి వింతగా తోచినంత మాత్రమున అతని విశ్వాసము వింతదని అనుకొనుట మన అలవాటైపోయినది.

ఖండించబోయి చేసిన ప్రచారము

1582లో క్రొత్త నిబంధన వెలువడగానే ప్రొటెస్టెంటు పండితులు దానిని ఖండించుటకు పూనుకొనిరి. దాని అంచులలోని వ్యాఖ్యలు తీవ్రమైన వాదముతో నిండియుండుటయు అందుకు కారణము. కేంబ్రిడ్జిలోని విలియం ఫుల్క్ గారు 1589లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించిరి. రీమ్స్ పాఠమంతయు ఒక వరుసలో, ఆనాడు ఇంగ్లండు దేవాలయములలో చదువబడుచున్న బిషప్స్ బైబిలు పాఠము ప్రక్క వరుసలో అచ్చొత్తించి, రీమ్స్ వ్యాఖ్యలకు జవాబులు వ్రాసిరి. తప్పును బయటపెట్టుట వారి ఉద్దేశ్యము. జరిగినది వేరు. దొంగచాటుగా తప్ప దొరకని రీమ్స్ పాఠము ఈ గ్రంథము ద్వారా చట్టబద్ధముగా ప్రతి పండితుని బల్ల మీదికి చేరెను.

కింగ్ జేమ్స్ బైబిలు సిద్ధపరచినవారు తమ ముందుమాటలో రీమ్స్ వారి కఠిన పదములను ఎత్తిపొడిచిరి. అయినను తాము అనువదించునప్పుడు ఆ పాఠమును చూచిరి, నచ్చిన మాటలను మౌనముగా తీసికొనిరి. జేమ్స్ కార్లెటన్ అను పండితుడు 1902లో రెండు పాఠములను పోల్చి, ఈ ఋణమెంతటిదో పట్టికలు వేసి ఆక్స్‌ఫర్డు నుండి ప్రకటించెను. కింగ్ జేమ్స్ బైబిలును తలపై నెత్తుకొని కతోలిక అనువాదమును తోసివేయు మనము, ఆ పుటలలోనే వారి మాటలు కూడ చదువుచున్నామని ఎరుగము.

చాలనర్ గారి సవరణ

నూట డెబ్బది ఏండ్లు గడచునప్పటికి పాత అనువాదము సామాన్యులకు అర్థము కాని స్థితికి వచ్చెను. అప్పుడు రిచర్డ్ చాలనర్ గారు దానిని సవరించిరి. వారు 1691లో జన్మించి, డువే కళాశాలలో విద్యార్థిగాను, అధ్యాపకులుగాను ఇరువది ఐదేండ్లు గడపి, 1730లో లండనుకు మరలి వచ్చిరి. కతోలిక గురువు బహిరంగముగా తిరుగుటకు వీలులేని ఆ దినములలో, వారు సత్రపు గదిలో, వచ్చినవారి ముందర పానీయపు పాత్రలుంచి, త్రాగుటకు కూడినవారివలె కనబడునట్లు చేసి బోధించెడివారని చెప్పుదురు. తరువాత లండను ప్రాంతపు కతోలికులకు బిషప్పు అయిరి.

1749 మొదలు 1752 వరకు చాలనర్ గారి సవరణలు వెలువడెను. కొరుకుడు పడని లాటిను మాటలు చాలవరకు పోయినవి, పొడవైన వాదప్రతివాదముల వ్యాఖ్యలు తగ్గి చిన్న వివరణలు నిలిచినవి. పౌలు మాటలోని ఆ వింత క్రియ తొలగి, రిక్తునిగా చేసికొనెనను తేట మాట వచ్చినది. ఈ పనిలో వారు ఎక్కువగా చేరువైనది ఏ పాఠమునకు? తమ పెద్దలను ఎత్తిపొడిచిన కింగ్ జేమ్స్ పాఠమునకే. ఇది ఇంచుమించు క్రొత్త అనువాదమేనని న్యూమన్ గారు 1859లో అభిప్రాయపడిరి. నేడు డువే రీమ్స్ పేరుతో మన చేతికి వచ్చునది సామాన్యముగా చాలనర్ గారి పాఠమే.

పాఠకులు ఇచ్చట క్షణమాగి చూడవలెను. 1611లో ప్రొటెస్టెంటులు కతోలికుల యొద్దనుండి అప్పు తెచ్చుకొనిరి. 1749లో కతోలికులు ప్రొటెస్టెంటుల యొద్దనుండి అప్పు తెచ్చుకొనిరి. బయట నిందలు, చట్టములు, చెరసాలలు. లోపల, బల్ల మీద, రెండు బైబిళ్ళు ఒకదాని ప్రక్క ఒకటి తెరువబడి యుండెను.

అనుదిన పఠనము

మేము పీఠము మీద పలికిన మాటలో ఇసుమంతయు నిజము లేదా? కొంత కలదు. స్వభాషలలో బైబిలు చదువుటకు గురుమండలి అనుమతి కావలెనని 1564లో రోము విధించిన నియమము చాలకాలము పాఠకులను వెనుకకు నెట్టెను. 1757లో అది సడలి, వివరణలతో ఆమోదింపబడిన అనువాదములకు దారి యేర్పడెను. 1898లో పదమూడవ లియో పోపు గారు, ప్రతిదినము కనీసము పావుగంట సువార్త చదువు విశ్వాసులకు ఆత్మీయ ఫలములను ప్రకటించిరి. పెద్దాయన తండ్రి చేతికి వచ్చిన ప్రతి ఆ తరము పాఠకుల కొరకు అచ్చయినదే. దానిని మన ప్రాంతమునకు తెచ్చినవారు మిల్ హిల్ సభవారు. 1866లో లండను చెంత హెర్బర్ట్ వాన్ గారు స్థాపించిన ఆ సభ 1875లో మద్రాసు మిషనుకు గురువులను పంపెను. వారు గుంటూరు, నెల్లూరు ప్రాంతముల తెలుగువారి మధ్య సేవ చేసిరి. డువే నుండి తెలుగు పల్లెకు ఈ పుస్తకము వచ్చిన త్రోవ ఇది.

పూజలో లేఖన పఠనము కూడ పూర్వము ఇప్పటంత విస్తారము కాదు. లెంటు దినములకు ప్రత్యేక పఠనములుండెడివి గాని, మిగిలిన పనిదినములలో పెక్కింటికి భక్తుల పండుగల పాఠములో, గడచిన ఆదివారపు పాఠములో మరల వచ్చెడివి. రెండవ వాటికన్ మహాసభ 1965లో, లేఖనములు విశ్వాసులందరికి విశాలముగా అందవలెనని ప్రకటించెను. ఆ మహాసభకు ఫలముగా 1969లో క్రొత్త పఠన క్రమము వచ్చెను. ఆదివారములకు మూడేండ్ల చక్రము, పనిదినముల మొదటి పఠనమునకు రెండేండ్ల చక్రము, పనిదినముల సువార్తకు ఏటేట అదే వరుస. ఆ ఆదివారపు క్రమమునే ఆధారము చేసికొని ప్రొటెస్టెంటు సంఘములు 1983లో ఒక సామాన్య క్రమమును, 1992లో దాని సవరణను తయారుచేసికొనినవి. నేడు లోకమందు పలు సంఘముల పీఠములు ఒకే ఆదివారమున ఒకే సువార్త భాగమును వినుచున్నవి.

ఈలోగా డువే రీమ్స్ పీఠము దిగి ఇంటికి చేరెను. 1943లో పన్నెండవ పయస్ పోపు గారు మూలభాషల నుండి అనువాదములను ప్రోత్సహించిరి. నాక్స్ గారి బైబిలు, జెరూసలేము బైబిలు మొదలగునవి దాని స్థానమును ఆక్రమించినవి. మన దేశపు ఇంగ్లీషు పూజలలో 2020 నుండి ఇ.ఎస్.వి. అను అనువాదపు కతోలిక ప్రతి చదువబడుచున్నది. ఆ ఇ.ఎస్.వి. 2001లో ప్రొటెస్టెంటు పండితులు ప్రకటించినది, దాని వంశవృక్షము కింగ్ జేమ్స్ ద్వారా టిండేలు గారి వరకు పోవును. 1536లో ఎవని దేహమును కాల్చిరో, అతని మాటల సంతానము నేడు కతోలిక బలిపీఠము చెంత వినబడుచున్నది.

చదువగోరువారికి

పెద్దాయన పుస్తకములో గుర్తుగా ఒక కాగితపు ముక్క యుండెను. పఠన క్రమములోని పేర్లకు పాత బైబిలులోని పేర్లను వారు దానిమీద వ్రాసికొనిరి. మేము దానిని నకలు చేసికొంటిమి. ఆ పుస్తకము చదువగోరువారికి పనికివచ్చునని దాని సారమిచ్చుచున్నాము.

కీర్తనలలో మొదటి ఎనిమిదియు, చివరి మూడును మన లెక్కతో సరిపోవును. మన తొమ్మిది, పది కీర్తనలు అందులో కలిసి తొమ్మిదవదగును. అక్కడి నుండి మన 113వ కీర్తన వరకు వారి సంఖ్య ఒకటి తక్కువ. 114 నుండి 116 వరకు కొంత కలయిక, విభజన జరిగినవి. 117 నుండి 146 వరకు మరల ఒకటి తక్కువ. మన 147వ కీర్తన వారికి రెండు కీర్తనలు. సమూయేలు రెండు గ్రంథములు వారికి రాజులు ఒకటి, రెండు. మన రాజులు వారికి మూడు, నాలుగు. దినవృత్తాంతములు 'పారలిపోమెనన్', నెహెమ్యా 'రెండవ ఎస్ద్రాసు', ప్రకటన గ్రంథము 'అపొకలిప్సు'. యెషయా 'ఇసాయాసు', హోషేయ 'ఓసే'. మన పాత నిబంధనలో లేని తోబితు, యూదితు, జ్ఞానగ్రంథము, సీరాకు, బారూకు, మక్కబీయులు రెండును అందులో కలవు. సీరాకును అందులో 'ఎక్లీసియాస్టికస్' అందురు. దానిని ప్రసంగి గ్రంథమని పొరబడరాదు.

ఒక హెచ్చరిక కూడ చేయవలెను. సర్పము తలను చితుకగొట్టు వాగ్దానమున్న ఆదికాండము మూడవ అధ్యాయము పదునైదవ వచనమున, వుల్గేటు ననుసరించి డువే పాఠము 'ఆమె' అని చెప్పుచున్నది. హెబ్రీ మూలము అట్లు చెప్పదు. 1979లో రోము ప్రకటించిన నూతన వుల్గేటు కూడ దానిని దిద్దినది. కాబట్టి ఈ బైబిలును సిద్ధాంత నిర్ణయమునకు ఏకైక ప్రమాణముగా పట్టుకొనక, ఆగి ధ్యానించుటకు తోడుగా చదువుట క్షేమము. ప్రతి అనువాదము విషయమునను, మనము చేతపట్టుకొను తెలుగు అనువాదము విషయమునను, ఈ జాగ్రత్త అవసరమే.

ముగింపు

ఆ సాయంత్రము తరువాత మేము ఆ ఇంటికి పలుమార్లు పోయితిమి. ఒక్కొక్కనాడు ఆ దినపు పఠనమును వారు పాత ఇంగ్లీషులోను, మేము మన తెలుగు బైబిలులోను చదివి, ఏ మాట యొద్ద తేడా వచ్చెనో చూచుకొనెడివారము. ఇంత జరిగినను, మేము పీఠము మీద అనిన మాటను పీఠము మీదనే వెనుకకు తీసికొనుటకు మాకు నోరు రాలేదు. సంఘపు పెద్దలు ఏమనుకొందురో యని ఒకనాడు, సందర్భము కాదని ఒకనాడు వాయిదా వేసితిమి. ఇంతలో మాకు బదిలీ వచ్చినది. మరు సంవత్సరమే పెద్దాయన ప్రభువునందు నిద్రించిరని కబురు తెలిసినది. వారి సమాధి కార్యక్రమమునకు పోయి వెనుక వరుసలో నిలుచుంటిమి. ఆ పుస్తకము ఇప్పుడు వారి మనుమరాలి యొద్ద నున్నది. కాగితపు ముక్క అందులోనే యున్నదట.

ఆనాడు చెప్పవలసిన మాటను ఇన్నేండ్లకు ఈ శతవార్షిక సంచిక పుటలలో చెప్పుచున్నాము. మేము అనినది అబద్ధము. పొరుగువారికి బైబిలు కలదు. దాని కొరకు వారు దేశమును విడిచిరి, ప్రాణమును పెట్టిరి. ఆ ఊరిలో మా గడప కెదురుగానే ఒకరు దానిని ప్రతిదినము చదువుచుండిరి. ఆ దినములలో మేము ప్రసంగము తయారుచేసికొనుటకు తప్ప బైబిలు తెరచిన రోజులు తక్కువ.

నూరేండ్ల పండుగ నాడు మన కట్టడములను, మన సంఖ్యలను లెక్కించుకొనుట తగినదే. దానితోపాటు, పొరుగువారిని గూర్చి మనము పరీక్షింపక పలికిన మాటలను కూడ లెక్కించుకొని, దిద్దుకొనుటకు వారు బ్రతికియుండగానే వారి వసారాకు పోవుదము గాక. ప్రియ పాఠకులారా, ఏ అనువాదమైనను సరే, రేపటి ఉదయమున తెరువుడి. తెలిసిన మాట యొద్దనే కొంచెము ఆగుడి. అనుదినాహారము అనుదినము తినిననే ఆహారము.